చెమ్మ పరీక్షకు మనిషి వచ్చేలోగా ఇంటిని ఎలా సిద్ధం చేసుకోవాలి? (లాసన్స్ బే కాలనీ, మూడో అంతస్తు)

లాసన్స్‌బే_మూడోఅంతస్తు | ఆగస్టు 6, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మేము విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో సముద్రానికి అర కిలోమీటరు దూరంలో, ఇరవై ఆరేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంటులో ఉంటున్నాము. తూర్పు వైపు పడకగదిలో కిటికీ పైన అరచేతి వెడల్పున మొదలైన చెమ్మ రెండేళ్లలో కప్పు అంచు దాకా పాకింది. రంగు బుడగలుగా లేచి పెచ్చులు ఊడుతోంది, దాని కింద తెల్లటి పొడి రాలుతోంది, బీరువా వెనక నల్లటి బూజు పట్టింది. ఆ గదిలో పడుకునే మా మామగారికి ఆయాసం ఉంది కనుక దీనిని ఇక వాయిదా వేయలేము.

మా గదికి సరిగ్గా పైన నాలుగో అంతస్తువారి స్నానాల గది ఉంది. నీళ్లు అక్కడి నుంచే దిగుతున్నాయని మేము, తమ గదిలో ఏ లోపమూ లేదని వారు వాదించుకుంటూ రెండేళ్లుగా ముఖాలు చూసుకోవడం కూడా తగ్గించాము. చివరికి రుసుము తీసుకొని పరీక్ష మాత్రమే చేసే ఒక నిపుణుడిని పిలిచాము. ఆయన చెమ్మ కొలిచే మీటరు, వేడి తేడాలు చూపించే కెమెరా తీసుకొని వచ్చే శనివారం ఉదయం వస్తారు.

పరాయి మనిషి వచ్చి చూసే గోడ అలా ఉండకూడదు, కడిగి ఒక పూత రంగు వేయించమని మా అత్తయ్యగారు అంటున్నారు. ఊడే పెచ్చులన్నీ గీకేస్తే లోపలి గోడ బాగా కనబడుతుందని మావారి అభిప్రాయం. ఈ తొమ్మిది రోజుల్లో మేము ఏమి చేయాలో, ఏమి చేయకూడదో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

సీతమ్మధార_విశ్రాంత_ఇంజినీరు | ఆగస్టు 6, రాత్రి 10:55

అమ్మా, రంగు వేయించవద్దు, కడగవద్దు, గీకవద్దు. అత్తగారి మాటలో మర్యాద ఉంది, కాదనను. కానీ వైద్యుడు వచ్చేముందు జ్వరం తగ్గే మాత్ర వేస్తే ఆయనకు జ్వరం కనబడదు కదా. గోడ సంగతి కూడా అంతే. మరక అంచు ఎక్కడ ఆగింది, తెల్ల పొడి ఏ ఎత్తున ఉంది, బుడగలు కప్పు నుంచి కిందికి వచ్చాయా, కిటికీ మూల నుంచి పైకి పాకాయా అన్న గుర్తులను బట్టే నీరు వచ్చిన దారి తెలుస్తుంది. పరీక్షకు ముందు ఇంటివారు శుభ్రం కోసం మొదట చెరిపేసేది కూడా వాటినే.

కెమెరా గురించి ఒక మాట. అది నీటిని చూడదు, గోడ ఉపరితలపు వేడిని మాత్రమే చూస్తుంది. తడి ఉన్నచోట నీరు ఆవిరవుతూ గోడను చల్లబరుస్తుంది కాబట్టి ఆ మేర వేరే రంగులో కనిపిస్తుంది. ముందురోజు తడిగుడ్డతో తుడిచినా, ఆరాలని టేబుల్ ఫ్యాను పెట్టినా ఆ బొమ్మ మారిపోతుంది. శుక్రవారం నుంచి ఆ గోడను ముట్టుకోకండి. ఏసీ వేసి ఉంచాలో ఆపాలో ఆయననే అడగండి, ఎందుకంటే కొందరు లోపలికీ బయటికీ వేడి తేడా ఉండాలని కోరతారు.

మీటరు విషయంలో సముద్రం పక్కన ఉన్నవాళ్లు తప్పక తెలుసుకోవలసినది ఒకటి ఉంది. రెండు సూదులు గుచ్చే మీటరు గోడలో విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందో కొలుస్తుంది, దాని అంకెలు కూడా మొదట కలప కోసం ఏర్పరచినవే. తడి గోడలో విద్యుత్తు సులువుగా పారుతుంది, నిజమే, కానీ ఉప్పు పట్టిన గోడలోనూ అలాగే పారుతుంది. మీరు చెప్పిన తెల్ల పొడి ఉప్పే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు ఆ తేమను తానే పీల్చుకొని కరుగుతుంది, మన ఊళ్లో అటువంటి రోజులకు కొదవ లేదు. అందువల్ల పైనుంచి ఒక్క చుక్క దిగకపోయినా ఉప్పెక్కిన గోడ ఉక్కపోత రోజుల్లో తడిగా తగులుతుంది. మీటరు అంకె ఒక్కదాన్నే చూసి పైవారిని దోషులుగా నిర్ణయించకండి. లోపలి తడి కచ్చితంగా కావాలంటే గోడలోంచి కొద్దిగా పొడి తొలిచి తీసి, మూసిన సీసాలో కార్బైడుతో కలిపి, పుట్టిన గ్యాసు ఒత్తిడిని బట్టి లెక్కగట్టే పద్ధతి ఉంది. అవసరమైతే అది చేయగలరా అని ఫోనులో ఇప్పుడే అడిగి ఉంచండి.

ఇక నా ప్రశ్న. ఈ మరక ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు ఆగుతోంది? స్నానాల గది ఏడాది పొడుగునా వాడతారు, వాన మాత్రం కొన్ని నెలలే పడుతుంది.

అక్కయ్యపాలెం_గృహిణి | ఆగస్టు 7, ఉదయం 7:15

ఇంజినీరుగారి మాటను నా అనుభవంతో బలపరుస్తాను. మూడేళ్ల కిందట మా హాలు గోడకు చెమ్మ వస్తే, ఉచితంగా పరీక్షిస్తామన్న ఒక వాటర్‌ప్రూఫింగ్ సంస్థవారిని పిలిచాము. వాళ్లు వచ్చేముందురోజు నేనే గోడంతా బ్లీచింగుతో తోమి, పుట్టీ పెట్టించి, చూడ్డానికి బాగుండేలా చేశాను. వచ్చిన అబ్బాయి మీటరు నాలుగు చోట్ల ఆనించి, గోడ మొత్తానికి రంధ్రాలు చేసి మందు ఎక్కించాలన్నాడు. ఎక్కించారు. తరువాతి వానాకాలం మొదటి నెలలోనే చెమ్మ మళ్లీ అదే చోట లేచింది. అసలు తప్పు బాల్కనీ గచ్చు వాలులో ఉందని తరువాత తెలిసింది. వాన నీరు బయటి గొట్టం వైపు పోకుండా హాలు గోడ అడుగున నిలిచి లోపలికి ఇంకుతోంది. మరక అడుగు నుంచి పైకి పాకిన తీరు చూసివుంటే ఎవరైనా అది చెప్పగలిగేవారు, కానీ ఆ తీరును నేనే తోమేశాను. అందుకే మీరు రుసుము ఇచ్చి పరీక్ష మాత్రమే చేసేవారిని పిలవడం నాకు చాలా నచ్చింది.

బూజు గురించి కూడా జాగ్రత్త. పొడిగా ఉన్న బూజును గీకితే దాని నలుసులు గాలిలోకి లేస్తాయి, ఆయాసం ఉన్నవారికి అది మంచిది కాదు. మామగారిని ఈ వారం రోజులు వేరే గదిలో పడుకోబెట్టండి. బ్లీచింగునూ స్నానాల గది కడిగే యాసిడ్‌నూ ఎన్నడూ కలపకండి, ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది.

గాజువాక_తాపీపని | ఆగస్టు 7, మధ్యాహ్నం 1:20

నేను పద్దెనిమిదేళ్లుగా తాపీపని చేయిస్తున్నాను. పరీక్షకు వచ్చినవారికి సగం సమయం బీరువాలు జరపడంలోనే పోతుంది. గోడకు ఆనుకున్న సామానంతా రెండడుగులు ఇవతలికి జరిపి, మనిషి నిలబడి మోకాళ్ల మీద కూర్చోగలిగేంత చోటు చేయండి. అటక ఖాళీ చేయండి, ఎందుకంటే స్లాబుకూ గోడకూ మధ్య కీలు అక్కడే కనబడుతుంది. మేడ తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటే ముందురోజే తీసుకొని ఉంచండి. తాళం దొరక్క మేడ చూడకుండానే వెళ్లిపోయిన పరీక్షలు నేను చాలా చూశాను.

మేడ మీద వాన నీరు పోయే గొట్టం మూతిలో ఆకులు ఉంటే ముందే తీసి శుభ్రం చేయండి. కిటికీ పైనున్న సన్‌షేడును కూడా వీలైతే పక్కింటి బాల్కనీ నుంచి ఫోటో తీయించండి. సన్‌షేడు గోడను కలిసేచోట సిమెంటు విడిపోతే అక్కడ నీరు నిలిచి, తిన్నగా కిటికీ పై దూలం మీదుగా లోపలికి దిగుతుంది. కిటికీ పైన మొదలైన చెమ్మ అని మీరు రాయగానే నా మనసు అక్కడికే పోయింది.

సీతమ్మధార_విశ్రాంత_ఇంజినీరు | ఆగస్టు 7, సాయంత్రం 6:05

తాపీమేస్త్రీగారూ, మీ సూచనలన్నీ విలువైనవి, ఒక్కదానితో మాత్రం విభేదిస్తాను. గొట్టం మూతిలో ఆకులు తీయడానికి ముందు ఫోటో తీయాలి. ఆ అడ్డమే కారణమైతే, మనం శుభ్రం చేసేశాక పరీక్షకు వచ్చినాయన చక్కగా పారే మేడను చూసి వెళ్తారు. నీరు ఎంత ఎత్తున నిలిచిందో పిట్టగోడ మీద పడ్డ పాచి గీత చెబుతుంది, దానిని కూడా రుద్దవద్దు.

గాజువాక_తాపీపని | ఆగస్టు 7, రాత్రి 8:30

నిజమే సారూ, ఒప్పుకుంటున్నాను. ఫోటో తీసి, అవకాశం ఉంటే ఆయన వచ్చి చూసేదాకా ఆకులు అలాగే ఉంచడమే సరైనది.

ఆరిలోవ_కొండవాలు | ఆగస్టు 8, ఉదయం 6:50

మాది వేరే రకం చెమ్మ, కానీ ఇదే ప్రశ్నతో వచ్చేవారికి పనికొస్తుందని రాస్తున్నాను. కొండవాలులో ఇల్లు కట్టుకున్నవారికి నీరు పైనుంచి కాక వెనక నుంచి వస్తుంది. మన కొండలది ఖొండలైట్ రాయి. అది శిథిలమైనచోట ఎర్రమన్నుగా మారి వాననీటిని తాగి నెమ్మదిగా వదులుతుంది, కనుక వాన వెలిసిన వారానికి కూడా మా వెనక గోడ అడుగున తడి ఆరదు. పరీక్షకు ముందు మేము చేసినదల్లా ఇంటి వెనక కాలువలో పేరుకున్న మట్టి ఇంటి లోపలి గచ్చు కంటే ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి రాసిపెట్టడం. అది గచ్చు కంటే జానెడు ఎత్తున ఉందని తేలింది. పునాది మీద చెమ్మ ఎక్కకుండా వేసే పొర మట్టి కింద కప్పబడిపోయాక, ఆ పొర ఉన్నా లేనట్లే. గోడకు ఏ మందూ వేయకుండా మట్టి తవ్వి తీసేయడంతోనే మా ఇబ్బంది చాలా వరకు తగ్గింది.

ఎంవీపీ_సంఘ_కార్యదర్శి | ఆగస్టు 8, ఉదయం 11:10

మా అపార్ట్‌మెంటు సంఘంలో ఇటువంటి తగాదాలు ఎన్నో చూశాను కాబట్టి పైఅంతస్తువారి గురించి చెబుతాను. వారి స్నానాల గదిలో నీళ్లు కట్టి చూడకుండా ఏ పరీక్షా పూర్తి కాదు, దానికి వారి అనుమతి కావాలి. శనివారం తలుపు తట్టి అడిగితే రెండేళ్ల కోపం అడ్డు వస్తుంది. ఈ రోజే మీరు, మీవారు కలిసి వెళ్లి, "తప్పు మీదని నిరూపించడానికి కాదు, ఎవరిదో తెలుసుకోవడానికి పిలిచాము, మీరు కూడా దగ్గరుండి చూడండి" అని చెప్పండి. నహానీ ట్రాపు (గచ్చులో నీరు పోయే రంధ్రం) మూతికి గుడ్డ బిగించి, గచ్చు మీద రెండంగుళాల నీరు కట్టి, కనీసం 24 గంటలు ఉంచాలి. అంటే నీళ్లు శుక్రవారం ఉదయమే కట్టాలి, వారు ఒకరోజు వేరే స్నానాల గది వాడుకోవాలి. ఇది చిన్న సహాయం కాదు, ఆ సంగతి మీరే ముందుగా గుర్తించి చెబితే వారి మనసు మెత్తబడుతుంది.

నీళ్లు కట్టడానికి ముందు మీ కప్పు మీద మరక అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ, గంట రాయండి. గోడను ముట్టుకోవద్దన్న మాటకు ఈ ఒక్క గీతే మినహాయింపు. రాత్రి పడుకునేముందు కుళాయిలన్నీ కట్టి, మోటారు వేయకుండా, ట్యాంకులో నీటి మట్టం గుర్తు పెట్టించి తెల్లవారి చూడటం కూడా మంచిది. గోడలో దాగిన గొట్టం కారుతుంటే ఆ మట్టం దిగుతుంది. అయితే అందరికీ ఒకే ట్యాంకు ఉంటే మిగతా ఫ్లాట్లవారి సహకారం లేనిదే ఇది కుదరదు.

కాగితాలు కూడా సిద్ధం చేయండి. నీటి గొట్టాల ప్లాను, గతంలో చేయించిన మరమ్మతుల బిల్లులు, ఏ ఏడాది ఏ మందు పూశారో, బయటి గోడకు చివరిసారి రంగు ఎప్పుడు వేశారో ఒక కాగితం మీద రాసి ఉంచండి.

లాసన్స్‌బే_మూడోఅంతస్తు | ఆగస్టు 8, రాత్రి 9:25

అందరికీ కృతజ్ఞతలు. రంగు ఆలోచన మానుకున్నాము. ఊడి పడిన పెచ్చులను తేదీ రాసిన కాగితం కవరులో దాచాను. సాయంత్రం పైఅంతస్తుకు వెళ్లాము. కొంతసేపు ఎవరమూ ఏమీ మాట్లాడలేకపోయినా, చివరికి ఆవిడ శుక్రవారం నీళ్లు కట్టుకోవడానికి ఒప్పుకొని కాఫీ ఇచ్చారు.

ఇంజినీరుగారూ, మీ ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే ఒకటి దొరికింది. మామగారికి ఆయాసం వచ్చిన రాత్రులను వైద్యుడికి చెప్పడం కోసం నేను వంటగది క్యాలెండరులో గుర్తు పెడుతున్నాను, గోడ తడిగా ఉండి తుడిచిన రోజున పక్కనే "గోడ" అని కూడా రాశాను. కిందటి ఏడాది క్యాలెండరు కూడా అటక మీద దొరికింది. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో "గోడ" అన్న మాట మొత్తం మూడుసార్లే ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మాత్రం పదిహేడుసార్లు ఉంది. పైవారు వేసవిలో ఊరికి కూడా వెళ్లలేదు, అంటే వారి స్నానాల గది అప్పుడూ వాడుకలోనే ఉంది. ఈ రెండు క్యాలెండర్లు రెండేళ్లుగా మా ఇంట్లోనే ఉన్నా, ఒకసారి పక్కపక్కన పెట్టి చూడకుండానే మేము వారితో గొడవపడ్డామని తలచుకుంటే బాధగా ఉంది.

సీతమ్మధార_విశ్రాంత_ఇంజినీరు | ఆగస్టు 8, రాత్రి 10:40

అమ్మా, ఆ రెండు క్యాలెండర్లు మీటరు కంటే విలువైనవి. నిపుణుడు రాగానే మొదట వాటినే చూపించండి. నైరుతి వానలకు గాలి సాధారణంగా మన తూర్పు గోడలను నేరుగా కొట్టదు. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు ఏర్పడినప్పుడు సముద్రం వైపు నుంచి వాన అడ్డంగా కొడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటిన రోజున నగరంలో ఎన్ని కిటికీల చట్రాలు గోడల నుంచి కదిలాయో మనకు గుర్తే. తరువాత అద్దాలు మార్చినవారు చాలామంది ఉన్నారు, చట్రం చుట్టూ సందులను సరిగా పూడ్పించినవారు తక్కువ. మీ కిటికీ చరిత్ర కూడా ఆ కాగితం మీద రాయండి.

భద్రతకు సంబంధించిన సంగతి ఒకటి మిగిలింది. ఆ గోడలో స్విచ్ బోర్డు ఉంటే ఈ వారం దాని ఎంసీబీ (మెయిన్ బోర్డులో కరెంటు ఆపే మీట) దించి ఉంచండి, తడి గోడలోని స్విచ్చును ఎవరూ ముట్టుకోకూడదు. అలాగే కప్పు మీద తుప్పు రంగు చార గానీ, ఇనుప చువ్వ వెంబడి సాగే తిన్నని పగులు గానీ ఉంటే నిపుణుడికి ప్రత్యేకంగా చూపించండి. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమించి కాంక్రీటును బయటికి నెడుతుంది. సముద్రపు గాలి నేరుగా తగిలే కాంక్రీటులో చువ్వల మీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరింగు ఉండాలని కాంక్రీటు కట్టడాలకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 456 2000 సంవత్సరం నాటి కూర్పులో చెబుతుంది, మీది బహుశా అంతకుముందు కూర్పు ప్రకారం కట్టినది. అటువంటి చార ఉంటే అది రంగుతోనో మందుతోనో తీరేది కాదు, స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాలి.

లాసన్స్‌బే_మూడోఅంతస్తు | ఆగస్టు 17, రాత్రి 8:15

పరీక్ష శనివారం జరిగింది. వివరంగా రాస్తున్నాను.

శుక్రవారం ఉదయం ఎనిమిదికి పైఅంతస్తులో నీళ్లు కట్టారు. శనివారం పదింటికి కూడా పెన్సిలు గీత దాటి తడి ఒక్క పిసరు పాకలేదు, పైన కట్టిన నీటి మట్టం కూడా చెప్పుకోదగినంత తగ్గలేదు. నిపుణుడు క్యాలెండర్లను చాలాసేపు చూసి, మేడ మీదికీ పక్క ఫ్లాటు బాల్కనీలోకీ వెళ్లి, తిరిగి వచ్చాక గోడ బయటి వైపున కింది నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మెట్టుగా పైకి, పైపుతో నీళ్లు కొట్టించారు. గోడ మీద కొట్టినంతసేపూ లోపల ఏమీ కాలేదు. సన్‌షేడు గోడను కలిసే పగులు మీద కొట్టిన నలభై నిమిషాలకు కెమెరాలో కిటికీ పైన చల్లటి మచ్చ కనిపించి, మా కళ్ల ముందే పెద్దదైంది. గాజువాక మేస్త్రీగారు చూడకుండానే చెప్పినది అక్షరాలా నిజమైంది.

బీరువా వెనక బూజుకు కారణం వేరట. అక్కడ గోడ లోపల పొడిగానే ఉంది. ఏసీ చల్లదనం తగిలే గోడకు బీరువా ఆనించడం వల్ల గాలి ఆడక, తలుపు తీసినప్పుడల్లా వచ్చే తేమ గాలి అక్కడ నీరు పట్టి బూజు పెరిగిందన్నారు. దీనిని తేల్చడానికి గోడకు చదరపు ప్లాస్టిక్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి మరునాటి దాకా ఉంచమన్నారు. చుక్కలు గది వైపు ఉపరితలం మీద పట్టాయి, గోడ వైపు పొడిగా ఉంది. కప్పు మీద తుప్పు చార ఏదీ లేదు.

పైఅంతస్తు ఆవిడ మొదటి నుంచి చివరిదాకా మాతోనే ఉన్నారు. మావారు వారికి క్షమాపణ చెప్పారు.

ఇప్పుడు నా చివరి ప్రశ్న. సన్‌షేడు పని వెంటనే చేయిస్తున్నాము. సంక్రాంతికి ఆ గదికి రంగు వేయించాలని అత్తయ్యగారి కోరిక. వేయించవచ్చునా?

గాజువాక_తాపీపని | ఆగస్టు 17, రాత్రి 9:30

సన్‌షేడు పని సెప్టెంబరు నెలాఖరులోగా పూర్తి చేయించండి, అక్టోబరు వానల దాకా ఆగకండి. పగులు మీద పైపైన సిమెంటు రాస్తే నిలవదు. దానిని ఆంగ్లాక్షరం వీ ఆకారంలో చెక్కి, దుమ్ము కడిగి, పాలిమరు కలిపిన సిమెంటు మాలుతో నింపి, మూలలో కొబ్బరి చిప్ప లోపలి వంపులా గుండ్రంగా తీర్చాలి. సన్‌షేడు పైభాగం వాలు బయటికి ఉండాలి, అడుగు అంచున నీరు వెనక్కి పాకకుండా చిన్న గాడి ఉండాలి. పని అయ్యాక అదే పైపుతో అదే చోట నలభై నిమిషాలకు తక్కువ కాకుండా మళ్లీ నీళ్లు కొట్టి చూడకుండా మేస్త్రీకి డబ్బు మొత్తం ఇవ్వకండి.

సీతమ్మధార_విశ్రాంత_ఇంజినీరు | ఆగస్టు 17, రాత్రి 10:20

సంక్రాంతికి తొందర అవుతుందమ్మా. తడిసిన గోడ మందం అంగుళానికి ఒక నెల చొప్పున ఆరుతుందని మేము స్థూలంగా అంచనా వేస్తాము. మీది తొమ్మిది అంగుళాల గోడ అయితే, రెండు వైపులా ఆరినా నాలుగైదు నెలలు పడుతుంది, సముద్రపు గాలికి ఇంకాస్త ఎక్కువే పట్టవచ్చు. ఈలోగా తెల్ల పొడి ఇంకా వస్తుంది, కంగారు పడకండి, అది గోడ ఆరుతోందనడానికి గుర్తు. పొడిగా ఉన్న కుంచెతో దులిపి తీసేయండి. నీటితో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. ఉప్పు బాగా పట్టిన పూతను మాత్రం ఇటుక కనబడేదాకా కొట్టించి, గోడ ఆరాక కొత్త పూత వేయించండి. రంగుకు ముందు ఆ ప్లాస్టిక్ కాగితాన్ని మరొకసారి అంటించి, గోడ వైపు చుక్క పట్టలేదని చూసుకోండి. ఈసారి ఉగాదికి వేయించవచ్చునని అత్తగారికి నా మాటగా చెప్పండి.

లాసన్స్‌బే_మూడోఅంతస్తు | ఆగస్టు 18, ఉదయం 6:30

చెప్పాను, ఒప్పుకున్నారు. బీరువాను గోడ నుంచి జానెడు ఇవతలికి జరిపించాము. మామగారు ప్రస్తుతం హాలులోనే పడుకుంటున్నారు. క్యాలెండరులో ఈ నెల "గోడ" అని రాసిన రోజులను సన్‌షేడు పని తరువాతి రోజులతో పోల్చి, నవంబరు చివర ఇక్కడే మళ్లీ రాస్తాను.